కుటుంబంలో ఒకరు మరణించాక వారి చివరి ఆదాయపు పన్ను రిటర్ను: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంటి పెద్ద పోయాక పెద్దకర్మ అయ్యేదాకా ఎవరికీ కాగితాల మీద ధ్యాస ఉండదు, ఉండనక్కర్లేదు కూడా. ఆ తర్వాత బ్యాంకు, పింఛను, బీమా, కరెంటు మీటరు పేరు మార్పు అన్నీ ఒకేసారి మీద పడతాయి. ఆదాయపు పన్ను సంగతి మాత్రం చాలా కుటుంబాల్లో మరుగున పడిపోతుంది. కొందరు తొందరపడి ముందుగానే పాన్ రద్దు చేయించి, ఖాతాలు మూసేసి, తీరా రిఫండు రావాల్సి ఉందని తెలిశాక తల పట్టుకుంటారు. ఈ పనిలో చిక్కంతా వరుస దగ్గరే వస్తుంది. ఏది ముందు చేయాలో, ఏది ఆఖరుకు ఉంచాలో తెలిస్తే మామూలు కుటుంబానికి ఇది పెద్ద భారం కాదు. కింద ఉన్నవి భారతదేశంలో పన్ను పరిధిలో ఉన్న వ్యక్తుల గురించిన జవాబులు. వేరుగా చెప్పని చోట అంకెలన్నీ 2025-26 ఆర్థిక సంవత్సరానివి.

మనిషే లేనప్పుడు రిటర్ను ఎందుకు వేయాలి?

ఆ సంవత్సరం ఏప్రిల్ 1 నుంచి కన్నుమూసిన రోజు వరకు వచ్చిన ఆదాయం వారిదే కాబట్టి. ఆ ఆదాయానికి లెక్క చెప్పే బాధ్యత 1961 నాటి ఆదాయపు పన్ను చట్టం 159వ సెక్షన్ ప్రకారం చట్టబద్ధ వారసులకు వస్తుంది. 2026 ఏప్రిల్ 1 నుంచి దాని స్థానంలో 2025 ఆదాయపు పన్ను చట్టం అమల్లోకి వచ్చింది. సెక్షన్ల అంకెలు మారినా వారసుల బాధ్యత అలాగే ఉంది. 2026 మార్చి 31 వరకు వచ్చిన ఆదాయానికి పాత చట్టమే వర్తిస్తుంది.

మా నాన్నగారికి పింఛను, బ్యాంకు వడ్డీ తప్ప మరేమీ లేవు. పన్ను పడదని అంటున్నారు. అయినా వేయాలా?

పన్ను పడకపోవడం వేరు, రిటర్ను అక్కర్లేకపోవడం వేరు. అందరూ పొరబడేది ఇక్కడే. కొత్త పన్ను విధానంలో 12 లక్షల రూపాయల వరకు ఆదాయం ఉన్నా రిబేటు వల్ల పన్ను సున్నా అవుతుంది. కానీ మొత్తం ఆదాయం 4 లక్షలు దాటితే రిటర్ను వేయాల్సిందే. పాత విధానంలో ఈ పరిమితి 60 ఏళ్ల లోపు వారికి రెండున్నర లక్షలు, 60 దాటిన వారికి 3 లక్షలు, 80 దాటిన వారికి 5 లక్షలు.

ఆదాయం అంతకన్నా తక్కువే అయినా, ఆ సంవత్సరంలో వారి పేరు మీద కోసిన టీడీఎస్ (ఆదాయం చేతికి రాకముందే కోసే పన్ను) 25,000 రూపాయలు (60 ఏళ్లు దాటిన వారికి 50,000) చేరితే రిటర్ను తప్పదు. అసలు టీడీఎస్ కోసి ఉంటే, తప్పనిసరి కాకపోయినా వేయడమే మంచిది. ఆ డబ్బు వారి కష్టార్జితం, రిటర్ను వేస్తేనే వెనక్కి వస్తుంది.

ఒక రిటర్ను సరిపోతుందా, రెండు వేయాలా?

మరణించిన తేదీని బట్టి ఉంటుంది. ఒకరు 2026 మే నెలలో చనిపోయారనుకుందాం. 2025-26 సంవత్సరం పూర్తిగా జీవించి ఉన్నారు, కానీ జూలైలో వేయాల్సిన ఆ రిటర్ను ఇంకా వేయలేదు. దాన్ని వారసులు వేయాలి. తర్వాత 2026 ఏప్రిల్ 1 నుంచి మరణించిన రోజు వరకు ఉన్న చిన్న ముక్కకు, ఆదాయం పరిమితి దాటితే, వచ్చే ఏడాది మరొకటి వేయాలి. ఏప్రిల్, మే, జూన్ నెలల్లో పోయినవారి విషయంలో కుటుంబాలు ఆ మొదటి రిటర్నునే మరిచిపోతుంటాయి. పన్ను పడేది, రిఫండు వచ్చేది ఎక్కువగా దానిలోనే.

ఐదారు నెలల ఆదాయమే కదా, మినహాయింపు పరిమితి కూడా నెలల లెక్కన తగ్గుతుందా?

తగ్గదు. ఏప్రిల్ 20న పోయినా సంవత్సరం మొత్తానికి ఉన్న పరిమితి, శ్లాబులు, రిబేటు పూర్తిగా వర్తిస్తాయి. జీతం లేదా పింఛను మీద ఇచ్చే స్టాండర్డ్ డిడక్షన్ (కొత్త విధానంలో 75,000, పాత విధానంలో 50,000) కూడా పూర్తిగా వస్తుంది.

సంవత్సరం ముగియకముందే వేసి ఈ పని వదిలించుకోవచ్చా?

వీలు కాదు. ఆ సంవత్సరపు ఫారాలు మార్చి 31 దాటిన తర్వాతే పోర్టల్‌లో వస్తాయి. ఈలోగా మరణ ధ్రువీకరణ పత్రం, వారసత్వ రుజువు, బ్యాంకు స్టేట్‌మెంట్లు సిద్ధం చేసుకోవచ్చు. వారసుడిగా నమోదు కూడా ముందే చేయించుకోవచ్చు.

నాన్నగారి లాగిన్, పాస్‌వర్డు, ఫోను మా దగ్గరే ఉన్నాయి. ఆయన పేరుతోనే వేసేస్తే సరిపోదా?

చాలామంది ఇలాగే చేస్తున్నారు. చేయవద్దని గట్టిగా చెబుతున్నాను. రిటర్ను చివర ఉండే ధ్రువీకరణలో సంతకం చేసేవారు తాము చెప్పినదంతా నిజమని ప్రకటిస్తారు. మరణించిన వ్యక్తి ఆధార్ ఓటీపీతో ఆ ప్రకటన చేయడమంటే, చనిపోయిన తర్వాతి తేదీన ఆయన సంతకం మీరు పెట్టడమే. రేపు ఆ రిటర్ను మీద ప్రశ్న వస్తే, మరణ ధ్రువీకరణ పత్రంలోని తేదీ, రిటర్ను ధ్రువీకరించిన తేదీ పక్కపక్కన కనిపిస్తాయి. అప్పుడు చెప్పుకోవడానికి మీ దగ్గర ఏ జవాబూ ఉండదు.

సరైన దారి కష్టమేమీ కాదు. మీ సొంత పాన్‌తో ఈ-ఫైలింగ్ పోర్టల్‌లో లాగిన్ అయి, 'ఆథరైజ్డ్ పార్ట్‌నర్స్' విభాగంలో ప్రతినిధిగా నమోదు చేసుకునే చోట మరణించిన వ్యక్తి తరఫు చట్టబద్ధ వారసుడు అనే వర్గాన్ని ఎంచుకోవాలి. వివరాలు నింపి, కాగితాలు జతచేసి, అభ్యర్థన పంపాలి. ఆదాయపు పన్ను శాఖ పరిశీలించి ఆమోదిస్తే మెయిలు, మెసేజి వస్తాయి. దీనికి మామూలుగా వారం పడుతుంది. కాగితం మసకగా ఉన్నా, పేర్లు కలవకపోయినా తిప్పి పంపుతారు. అందుకే జూలై చివరి వారం దాకా ఆగవద్దు. ఆమోదం వచ్చాక మీ లాగిన్‌లోంచే వారి ఖాతాలోకి మారి ఫారం 26ఏఎస్ (వారి పాన్ మీద కోసిన పన్నుల పట్టిక), వార్షిక సమాచార నివేదిక చూడవచ్చు, రిటర్ను దాఖలు చేయవచ్చు. ధ్రువీకరణ మీ ఆధార్ ఓటీపీతోనే జరుగుతుంది.

నమోదుకు ఏ కాగితాలు కావాలి?

మరణించినవారి పాన్ కార్డు, మరణ ధ్రువీకరణ పత్రం, మీ పాన్, మీరు వారసులని చూపే రుజువు. ఈ చివరిదాని కోసమే జనం తిరుగుతారు. కోర్టు ఇచ్చిన వారసత్వ పత్రమే కావాలని కొందరు భయపెడతారు. నిజానికి రెవెన్యూ అధికారులు ఇచ్చే వారసత్వ పత్రం, కుటుంబ సభ్యుల ధ్రువీకరణ పత్రం, రిజిస్టరైన వీలునామా, ప్రభుత్వం ఇచ్చిన కుటుంబ పింఛను పత్రం, వీటిలో ఏ ఒక్కటైనా చాలు. మరణించే నాటికి ఆ ఖాతాకు నామినీ లేదా ఉమ్మడి ఖాతాదారు ఎవరో తెలుపుతూ బ్యాంకు తన లెటర్‌హెడ్ మీద సీలు, సంతకంతో ఇచ్చిన లేఖ అయినా అంగీకరిస్తారు. పింఛనుదారుల కుటుంబాలకు కుటుంబ పింఛను పత్రం ఎలాగూ వస్తుంది కాబట్టి వారికి అదే దగ్గరి దారి.

తెలుగు రాష్ట్రాల్లో కుటుంబ సభ్యుల ధ్రువీకరణ పత్రాన్ని తహసీల్దారు ఇస్తారు. తెలంగాణలో మీ సేవ కేంద్రంలో, ఆంధ్రప్రదేశ్‌లో మీ సేవలో గానీ గ్రామ, వార్డు సచివాలయంలో గానీ దరఖాస్తు చేసుకోవచ్చు. మరణ నమోదు పల్లెలో పంచాయతీ కార్యదర్శి దగ్గర, పట్టణంలో మున్సిపాలిటీలో 21 రోజుల్లోపు జరగాలి. నెల దాటితే పైఅధికారి అనుమతి, ఏడాది దాటితే మేజిస్ట్రేటు ఉత్తర్వు కావాలి. ఆసుపత్రిలో పోయినవారి వివరాలు ఆసుపత్రే పంపుతుంది. ఇంట్లో పోయినవారి విషయంలోనే ఆలస్యం జరుగుతుంది.

మరణ పత్రంలో ఇంటిపేరు పొడి అక్షరంగా ఉంది, పాన్‌లో పూర్తిగా ఉంది. ఇబ్బందా?

మన తెలుగువారికి ఇది ఇంటింటి సమస్య. పాన్‌లో ఇంటిపేరు చివర, ఆధార్‌లో ముందు, పాస్‌బుక్కులో ఒక్క అక్షరం, మరణ పత్రంలో ఇంకో తీరు. పోర్టల్‌లో వివరాలు నింపేటప్పుడు మరణించినవారి పేరు పాన్‌లో ఉన్నట్టే రాయండి. మరణ నమోదు జరిగే రోజున పాన్ కార్డు నకలు పక్కన పెట్టుకుని పేరు రాయించండి. అప్పుడు ఐదు నిమిషాలు పట్టే పని, తర్వాత సవరణకు తిరిగితే నెలలు తినేస్తుంది. ఇప్పటికే తేడా ఉంటే రెండు పేర్లూ ఒకరివేనని తెలిపే అఫిడవిట్ జతచేసి చూడండి. పేరు బొత్తిగా కలవకపోతే మాత్రం రిజిస్ట్రారు దగ్గర సవరణ చేయించక తప్పదు.

అమ్మ, ముగ్గురు పిల్లలం ఉన్నాం. ఎవరు వేయాలి?

ఎవరైనా ఒక్కరు చాలు, మిగిలినవారు ఒప్పుకుంటే. రిఫండు వచ్చేదుంటే దాన్ని ఎలా పంచుకోవాలో ముందే ఒక కాగితం మీద రాసుకుని అందరూ సంతకాలు పెట్టండి. డబ్బు చిన్నదే కావచ్చు. ఆ రోజుల్లో అన్నదమ్ముల మధ్య మాట పట్టింపులకు చిన్న మొత్తమే చాలు. అమ్మ పేరున పాన్ ఉండి, కుటుంబ పింఛను కూడా ఆమెకే వస్తుంటే, ఆమె పేరున నమోదు చేసి పిల్లలు సాయం చేయడమే అన్నిటికన్నా సాఫీగా సాగుతుంది.

ఫిక్స్‌డ్ డిపాజిట్ వడ్డీ మొత్తం సంవత్సరానికి వచ్చింది. ఎవరి లెక్కలో చూపాలి?

మరణించిన రోజే గీత. ఆ రోజు వరకు వారిది, మర్నాటి నుంచి వారసులది. ఒక ఉదాహరణ లెక్క కట్టి చూద్దాం. 20 లక్షల డిపాజిట్, 7 శాతం వడ్డీ, ఏడాదికి 1,40,000 రూపాయలు. డిపాజిట్‌దారు 2025 నవంబరు 10న కన్నుమూశారు. ఏప్రిల్ 1 నుంచి ఆ రోజు వరకు 224 రోజులు. 1,40,000ను 365తో భాగించి 224తో గుణిస్తే 85,918 రూపాయలు. ఇది తండ్రి రిటర్నులో ఇతర ఆదాయం కింద చేరుతుంది. మిగిలిన 54,082 రూపాయలు వారసుల సొంత రిటర్నుల్లో, వారి వాటాల ప్రకారం చేరుతుంది. ఇంటి అద్దెకూ ఇదే పద్ధతి.

వార్షిక సమాచార నివేదికలో మాత్రం మొత్తం 1,40,000 తండ్రి పాన్ మీదే కనిపిస్తుంది. అది చూసి మొత్తం ఆయన లెక్కలోనే వేసేయాలని అనుకోవద్దు. రోజుల లెక్క వేసిన కాగితాన్ని మరణ పత్రంతో కలిపి దాచండి. తేడా ఎందుకని అడిగితే అదే జవాబు.

మరి ఆ వడ్డీ మీద టీడీఎస్ మొత్తం నాన్నగారి పాన్ మీదే పడింది కదా?

పై ఉదాహరణలో 10 శాతం చొప్పున 14,000 రూపాయలు కోస్తారు. ఆదాయం ఎవరి లెక్కలోకి వెళ్తే టీడీఎస్ కూడా ఆ నిష్పత్తిలో వారికే చెందాలి. అంటే 8,592 తండ్రి రిటర్నులో, 5,408 వారసుల రిటర్నుల్లో. దీనికి 37బీఏ నిబంధన కింద దారి ఉంది. ఐటీఆర్-2, ఐటీఆర్-3 ఫారాల్లో టీడీఎస్ పట్టికలో 'ఇతర వ్యక్తి' పాన్ మీద ఉన్న టీడీఎస్‌ను చూపే గడి ఉంటుంది. ఐటీఆర్-1లో ఆ గడి లేదు కాబట్టి ఈ ఒక్క కారణం వల్ల మీరు ఐటీఆర్-2 వేయాల్సి రావచ్చు.

ఇంతకన్నా మంచిది మరణ విషయం బ్యాంకుకు వెంటనే చెప్పి డిపాజిట్‌ను వారసుల పేరుకు మార్పించడం. అప్పుడు తర్వాతి టీడీఎస్ సరైన పాన్ మీదే పడుతుంది.

మరణం తర్వాత కూడా పింఛను ఖాతాలో పడింది. వాడుకోవచ్చా?

వద్దు. ట్రెజరీకి లేదా పింఛను ఇచ్చే బ్యాంకుకు కబురు చేరేలోపు ఒకటి రెండు నెలల పింఛను జమ అవడం మామూలే. ఆ డబ్బు ఏటీఎం కార్డుతో తీస్తే తర్వాత వసూలు చేస్తారు, కుటుంబ పింఛను మంజూరు కూడా చిక్కుల్లో పడుతుంది. వెంటనే లిఖితపూర్వకంగా తెలియజేసి ఆ మొత్తాన్ని ఖాతాలో కదపకుండా ఉంచండి. పన్ను లెక్కలోనూ దీని ప్రభావం ఉంది. పింఛను ధ్రువపత్రంలో ఆ అదనపు నెలలు కలిసి ఉంటే, వెనక్కి ఇచ్చిన మొత్తాన్ని తీసేసి సవరించిన పత్రం అడిగి తీసుకోండి. రాని ఆదాయానికి పన్ను కట్టనవసరం లేదు.

బీమా, గ్రాట్యుటీ, కుటుంబ పింఛను... వీటిలో దేనికి పన్ను?

మరణం వల్ల కుటుంబానికి వచ్చే జీవిత బీమా మొత్తానికి పన్ను లేదు. ప్రీమియం ఎంత పెద్దదైనా సరే. ప్రభుత్వ ఉద్యోగి గ్రాట్యుటీకి పూర్తి మినహాయింపు, ప్రైవేటు ఉద్యోగికి 20 లక్షల వరకు. ఉద్యోగంలో ఉండగా మరణించినవారి మిగిలిన సెలవుల సొమ్ము వారసులకు ఇస్తే దానికీ పన్ను లేదు.

కుటుంబ పింఛను మాత్రం పన్ను పరిధిలోదే. కానీ అది మరణించినవారి రిటర్నులో రాదు, అందుకునేవారి రిటర్నులో ఇతర ఆదాయంగా వస్తుంది. అది జీతం కాదు కాబట్టి స్టాండర్డ్ డిడక్షన్ ఉండదు. దాని బదులు పింఛనులో మూడో వంతు లేదా 25,000 రూపాయలు (పాత విధానంలో 15,000), ఏది తక్కువైతే అది తగ్గించుకోవచ్చు. విధి నిర్వహణలో అమరులైన సైనికుల కుటుంబ పింఛనుకు పన్ను మినహాయింపు ఉంది.

చివరి రోజుల్లో ఆసుపత్రికి లక్షలు పోశాం. తగ్గింపు ఏమైనా ఉందా?

పాత పన్ను విధానం ఎంచుకుంటేనే ఉంది. ఆరోగ్య బీమా లేని 60 ఏళ్లు దాటిన వారి వైద్య ఖర్చుకు 80డీ సెక్షన్ కింద 50,000 వరకు, నగదు రూపంలో కాకుండా చెల్లించి ఉంటే. క్యాన్సరు, మూత్రపిండాల వైఫల్యం వంటి నిర్దేశిత వ్యాధుల చికిత్సకు 80డీడీబీ కింద, రోగి 60 ఏళ్లు దాటిన వారైతే, లక్ష వరకు. దీన్ని తల్లిదండ్రుల కోసం ఖర్చు పెట్టిన కొడుకో కూతురో తమ రిటర్నులోనే అడగవచ్చు, నిపుణుడైన వైద్యుడి పత్రం ఉండాలి. డిశ్చార్జి కాగితాలు, బిల్లులు బాధలో ఎక్కడో పడేయకండి.

ఇక్కడే గడువు సంగతి కూడా చెప్పాలి. వ్యాపార ఆదాయం లేనివారు జూలై 31 లోపు వేస్తేనే పాత విధానం ఎంచుకునే అవకాశం ఉంటుంది. ఆ తర్వాత డిసెంబరు 31 వరకు ఆలస్యపు రిటర్ను వేయవచ్చు గానీ కొత్త విధానంలోనే వేయాలి. 5,000 రూపాయల ఆలస్య రుసుము కూడా పడుతుంది (ఆదాయం 5 లక్షల లోపైతే 1,000). మరణం జరిగిందని గడువు దానంతట అది పెరగదు.

నాన్నగారు పాత పన్ను బకాయి పెట్టి వెళ్లారు. మా జీతం నుంచి కట్టాలా?

కట్టనక్కర్లేదు. వారసుడి బాధ్యత తనకు వచ్చిన ఆస్తి విలువ వరకే. 6 లక్షల బకాయి ఉండి, వదిలి వెళ్లిన ఆస్తి మొత్తం 4 లక్షలే అయితే వసూలు 4 లక్షలకు మించదు. ఏ ఆస్తీ లేకపోతే మీ సొంత సంపాదన జోలికి రాకూడదు.

ఒక్క జాగ్రత్త మాత్రం మరువరాదు. బకాయి తీరకముందే ఆ ఆస్తిని అమ్మేసినా, ఇతరులకు రాసిచ్చినా, తాకట్టు పెట్టినా, ఆ ఆస్తి విలువ మేరకు వారసుడు వ్యక్తిగతంగా బాధ్యుడవుతాడు. కాబట్టి పంపకాలకు ముందు వారి ఖాతాలో పాత డిమాండ్లు (కట్టమని శాఖ అడిగిన బకాయిలు) ఏమైనా ఉన్నాయేమో పోర్టల్‌లో చూడండి. ఎప్పుడో పదిహేనేళ్ల నాటి చిన్న డిమాండు కూడా ఒక్కోసారి అక్కడ కూర్చుని ఉంటుంది.

పన్ను కట్టాల్సి వస్తే ఎవరి పాన్ మీద కట్టాలి?

మరణించినవారి పాన్ మీదే. ఈ-పే ట్యాక్స్‌లో చలానా వారి పాన్‌తో తీసి, డబ్బు మీ ఖాతా నుంచి చెల్లించవచ్చు. అలవాటు కొద్దీ మీ పాన్ కొడితే అది మీ పన్నులో జమ అవుతుంది, సరిచేయడానికి మళ్లీ అభ్యర్థన పెట్టుకోవాలి.

రిఫండు ఏ ఖాతాకు వస్తుంది?

రిటర్నులో ఇచ్చిన, ముందే ధ్రువీకరించిన ఖాతాకు. తండ్రి పేరు మాత్రమే ఉన్న ఖాతాను మరణ విషయం తెలియగానే బ్యాంకు స్తంభింపజేస్తుంది, రిఫండు తిరిగి వెళ్లిపోతుంది. భార్యాభర్తల ఉమ్మడి ఖాతా ఉండి, మిగిలినవారు నడపవచ్చనే షరతు ఉంటే, రిఫండు వచ్చేదాకా దాన్ని మూయకండి. రిఫండు విఫలమైందని కనిపిస్తే వారసుడి లాగిన్ నుంచి మళ్లీ జారీ చేయమని అభ్యర్థన పెట్టవచ్చు. అది కదలకపోతే పోర్టల్‌లోనే ఫిర్యాదు నమోదు చేసి మరణ పత్రం, వారసత్వ రుజువు జతచేయండి.

నామినీ నేనే. అయితే ఆ డిపాజిట్ ఆదాయమంతా నాదేనా?

నామినీ అంటే బ్యాంకు ఎవరికి డబ్బు అప్పగించాలో చెప్పే పేరు మాత్రమే. హక్కు వారసులది. వీలునామా రాయకుండా హిందూ పురుషుడు మరణిస్తే 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం భార్య, కొడుకులు, కూతుళ్లు, తల్లి సమాన వాటాదారులు. తల్లి కూడా అనేది గమనించండి. కొడుకు ముందు పోయిన ఇళ్లలో ఆ వృద్ధురాలి వాటాను ఎవరూ లెక్కలోకి తీసుకోరు, అది అన్యాయం. మరణం తర్వాతి ఆదాయాన్ని ఈ వాటాల ప్రకారమే ఎవరిది వారు చూపుకోవాలి.

వారసత్వంగా వచ్చిన ఆస్తికి పన్ను ఉందా? తర్వాత అమ్మితే?

మన దేశంలో ఎస్టేట్ సుంకం 1985లోనే రద్దయింది. ఇల్లు, స్థలం, బంగారం, షేర్లు, నగదు ఏవైనా వారసత్వంగా రావడం వరకు పన్ను లేదు.

అమ్మినప్పుడు మూలధన లాభం లెక్కకు వస్తుంది. కొన్న ధరగా తండ్రి చెల్లించిన ధరను, కలిగి ఉన్న కాలంగా ఆయన కాలాన్ని కూడా కలిపి తీసుకుంటారు. 2001 ఏప్రిల్ 1కి ముందు కొన్నదైతే ఆ తేదీ నాటి మార్కెట్ విలువను తీసుకోవచ్చు. స్థలాలకు, ఇళ్లకు ఈ విలువ సబ్ రిజిస్ట్రార్ కార్యాలయం నాటి ధరను మించకూడదు. దీర్ఘకాలిక లాభం మీద పన్ను 12.5 శాతం. 2024 జూలై 23కి ముందు సంపాదించిన స్థలం, ఇల్లు అయితే దేశంలో నివసించే వ్యక్తులు ద్రవ్యోల్బణ సర్దుబాటుతో 20 శాతం లెక్క కూడా వేసి, రెండింటిలో తక్కువైనది కట్టవచ్చు. పల్లెల్లోని వ్యవసాయ భూమి మూలధన ఆస్తి కిందకే రాదు.

నాన్నగారికి షేర్లలో, వ్యాపారంలో నష్టాలు ఉన్నాయి. మేము సర్దుకోవచ్చా?

షేర్ల నష్టం ఆయనతోనే పోతుంది. వ్యాపార నష్టాన్ని మాత్రం, ఆ వ్యాపారాన్ని వారసత్వంగా తీసుకుని నడిపేవారు ముందుకు తీసుకెళ్లవచ్చు.

చనిపోయినవారి పేరున నోటీసు వచ్చింది. పట్టించుకోవాలా?

మరణించిన వ్యక్తి పేరునే కొత్తగా జారీ చేసిన నోటీసు చెల్లదని హైకోర్టులు పలు కేసుల్లో చెప్పాయి. అలాగని మౌనంగా ఉండిపోతే మీ వైపు నుంచి మాట లేకుండానే ఉత్తర్వు వచ్చేస్తుంది. మరణ పత్రం జతచేసి, ఫలానా తేదీన మరణించారని, వారసులు వీరని, నోటీసుపై అభ్యంతరం ఉందని లిఖితపూర్వకంగా తెలపండి. వారు బతికుండగానే మొదలైన విచారణ అయితే అది ఆగిన చోటి నుంచి వారసుల మీద కొనసాగుతుంది, దానికి పూర్తి జవాబు ఇవ్వాల్సిందే.

రెండు మూడేళ్ల రిటర్నులు వేయలేదని ఇప్పుడు తెలిసింది. దారి ఉందా?

పన్ను కట్టాల్సి ఉంటే నవీకరించిన రిటర్ను, అంటే ఐటీఆర్-యూ, సంబంధిత అసెస్‌మెంట్ సంవత్సరం (ఆదాయం వచ్చిన ఆర్థిక సంవత్సరానికి తర్వాతి సంవత్సరం) ముగిశాక 48 నెలల వరకు వేయవచ్చు. ఆలస్యాన్ని బట్టి 25 నుంచి 70 శాతం వరకు అదనపు పన్ను పడుతుంది. రిఫండు కోసం అది పనికిరాదు. దానికి ఆలస్యాన్ని మన్నించమని దరఖాస్తు చేయాలి, అసెస్‌మెంట్ సంవత్సరం ముగిశాక ఐదేళ్ల వరకు అవకాశం ఉంది. మరణం, దీర్ఘకాల అనారోగ్యం చూపదగిన కారణాలే. ఆసుపత్రి రికార్డులు జతచేయండి.

పిల్లలందరం అమెరికాలో ఉన్నాం. ఇక్కడి నుంచి చేయగలమా?

చేయవచ్చు. వారసుడిగా నమోదయ్యేవారికి భారతీయ పాన్ ఉండాలి. ఆధార్‌కు ఇచ్చిన భారత ఫోను నంబరు వాడుకలో లేకపోతే ఓటీపీ రాదు. అప్పుడు నెట్ బ్యాంకింగ్ ద్వారా ధ్రువీకరించవచ్చు, లేదా ఐటీఆర్-వీ (రిటర్ను వేశాక వచ్చే ధ్రువీకరణ పత్రం) మీద సంతకం చేసి, దాఖలు చేసిన 30 రోజుల్లోపు చేరేలా ఆదాయపు పన్ను శాఖ బెంగళూరు కేంద్రానికి పంపవచ్చు. సముద్రాలు దాటే టపాకు ఆ నెల రోజులు చాలకపోవచ్చు, ఊళ్లో ఉన్న అమ్మ పేరున నమోదు చేయడమే తేలిక.

అమెరికా వైపు కూడా ఒక పని ఉంది. అక్కడి పన్ను నివాసి భారతదేశం నుంచి ఒక సంవత్సరంలో లక్ష డాలర్లకు మించి వారసత్వం అందుకుంటే ఫారం 3520 దాఖలు చేయాలి. పన్ను ఉండదు గానీ, చెప్పకపోతే జరిమానా చాలా భారీగా ఉంటుంది. తండ్రితో ఉమ్మడి ఖాతా ఉంటే, విదేశీ ఖాతాలన్నీ కలిపి 10,000 డాలర్లు దాటిన సంవత్సరానికి ఎఫ్‌బార్ అనే విదేశీ బ్యాంకు ఖాతాల నివేదిక కూడా అమెరికా ప్రభుత్వానికి ఇవ్వాలి.

వీలునామాలో కార్యనిర్వాహకుడిని నియమించి ఉంటే?

మరణం నుంచి పంపకం పూర్తయ్యేదాకా ఆస్తి ఆదాయాన్ని ఆ కార్యనిర్వాహకుడు ఎస్టేట్ (మరణించినవారు వదిలి వెళ్లిన ఆస్తి) పేరున, విడిగా పాన్ తీసుకుని చూపాలి. ఈ సందర్భంలో ఆడిటరు సాయం తీసుకోండి.

పాన్ ఎప్పుడు అప్పగించాలి?

అన్నిటికన్నా చివర. రిటర్నులన్నీ వేసి, అవి ప్రాసెస్ అయి, రిఫండు చేతికి వచ్చి, డిపాజిట్లు, షేర్లు, మ్యూచువల్ ఫండ్లు వారసుల పేర్లకు మారాక. అప్పుడు పరిధిలోని అసెసింగ్ అధికారికి మరణ పత్రం నకలుతో లేఖ ఇచ్చి, ముద్ర వేసిన ప్రతి తీసుకోండి. అప్పగించడం తప్పనిసరి కాదు, కానీ చనిపోయినవారి పాన్‌ను ఎవరైనా దుర్వినియోగం చేయకుండా ఉండాలంటే అప్పగించడమే మేలు.

ఈ కాగితాలు ఎంతకాలం దాచాలి?

పెద్ద మొత్తాల కేసులను శాఖ ఐదేళ్లు దాటాక కూడా తిరిగి తెరవగలదు కాబట్టి, అసెస్‌మెంట్ సంవత్సరం ముగిశాక కనీసం ఆరేళ్లు. స్థలం కొన్న దస్తావేజు, ఇల్లు కట్టిన బిల్లులు, షేర్లు కొన్న వివరాలు మాత్రం ఆ ఆస్తి అమ్మి, ఆ అమ్మకపు రిటర్ను వేసి, మరో ఆరేళ్లు గడిచేదాకా ఉంచండి. తండ్రి కొన్న ధరకు రుజువు ఆ కాగితాలే.